తుపాకి యుంచు గదిలో తేమ



మా నాయనగారికి పంట కావలికై లైసెన్సు పొందిన తుపాకి యొకటి యుండెను. రెండు గొట్టములు గలది. ఆయన దానిని ముప్పదియేండ్లకు పైగా కంటికి రెప్పవలె కాపాడుకొనిరి. ఆయన గతించిన తరువాత చట్టప్రకారము లైసెన్సును నా పేర మార్పించుకొని, ఆ తుపాకికి నేను బాధ్యుడనైతిని. ఇంట మనుమలు తిరుగుచుండిరి గనుక వారి కంటబడరాదని తలచి, దానికి నూనె రాచి, కంబళిగుడ్డ చుట్టి, తోలు ఒరలో దూర్చి, ధాన్యపుగదిలో గాదె వెనుకనున్న భోషాణములో పెట్టి తాళము వేసితిని. ఆ యేర్పాటు నాకెంతో బుద్ధిమంతమైనదిగ తోచెను. రెండు వానకాలములు గడచినవి. లైసెన్సు పొడిగింపునకు తుపాకిని చూపవలసివచ్చి భోషాణము తెఱచితిని. ఒరనుండి తుపాకి తేలికగ రాలేదు. లాగి చూడగా కంబళిపోగులు గొట్టమునకు అంటుకొనిపోయి, వాని క్రింద గోధుమవన్నె పొడ కనబడెను.

తుపాకులు బాగుచేయుటలో ఆఱితేరిన పనివానియొద్దకు దానిని కొనిపోతిని. ఆయన గొట్టములను విడదీసి, వెలుతురునకు ఎత్తి పట్టి, ఒక కన్ను మూసి చాలసేపు చూచెను. చూచి, “అయ్యా, లోపల మశూచి పోసినట్లున్నది” అనెను. పైనున్న త్రుప్పును తుడువవచ్చును గాని, త్రుప్పు తినిన యినుము తిరిగి రాదు. ఆ గుంటలు తూటా కూర్చుండు తావునకు చేరువగ నుండెను. అక్కడనే పేలుడు ఒత్తిడి మిక్కిలి హెచ్చు. పలుచబడిన గొట్టము పేల్చునప్పుడు చీలవచ్చును. చీలినచో మొదట పోవునది గొట్టము క్రింద ఆనించిన యెడమచేయి. నా కుమారుడు మఱునాడే ఆ తుపాకితో తోటకు పోవలెనని చూచుచుండెను. ఆ మాట విన్న క్షణమున నా గుండె జల్లుమనెను.

ఆ గదిలో చూరు కారలేదు. నేల మీద నీరు నిలువలేదు. భోషాణములోనికి వానచినుకు ఒక్కటియు పోలేదు. అట్లయిన ఆ యినుమును తినిన నీరు ఎక్కడినుండి వచ్చినది? ఆ ప్రశ్నకు సమాధానము వెదకుటలో నేను నేర్చుకొనినది నేడు మీకు మనవి చేయుదును. మన పల్లెలలో పంట కావలి తుపాకులు ఉన్నవారు కొందఱే యైనను, పాత కత్తులు, బల్లెములు, గండ్రగొడ్డళ్లు, కుట్టుమిషనులు లేని యిండ్లు అరుదు. ఇనుమునకు జాతిభేదము లేదు. తుపాకికి చెప్పినది తక్కినవానికిని చెల్లును.

శ్రావణమాసమున ఉప్పుజాడీ చెమర్చును. వేసవిలో వడియాలవలె కటకటలాడిన అప్పడము వానలలో సాగును. వైశాఖమున వదులుగ నుండిన తలుపు భాద్రపదమున గడపకు బిగిసికొనును. డప్పు వాయించువాడు వానకాలమున దానిని మంటకు కాచిగాని మేళమునకు తీసికొనిరాడు. ఇవన్నియు ఒక్కమాటనే చెప్పుచున్నవి. గాలిలో కంటికి కనబడని నీరు ఆవిరిరూపమున నున్నది. ఉప్పును, కొయ్యయు, తోలును, గుడ్డయు ఆ నీటిని త్రాగుచున్నవి. ఇనుము త్రాగలేదు. అయినను ఆ నీరు దాని చర్మముపై కంటికి అందని పలుచని పొరగ నిలుచును. ఆ పొరలో గాలియందలి ప్రాణవాయువు కరగి, ఇనుముతో కలిసి, త్రుప్పును పుట్టించును.

గాలి ఎంత నీటిని మోయగలదనునది దాని వేడిమినిబట్టి యుండును. ఒక ఘనమీటరు గాలి 20 సెంటీగ్రేడు డిగ్రీలయొద్ద 17 గ్రాముల నీటియావిరిని మాత్రమే పట్టగలదు. అదే గాలి 30 డిగ్రీలకు వేడెక్కినచో 30 గ్రాములవఱకు పట్టును. పట్టగలిగినదానిలో నూటికి ఎన్ని పాళ్లు పట్టియున్నదో ఆ లెక్కకు సాపేక్ష ఆర్ద్రత యని పేరు. పాత్ర ఎంత పెద్దదో కాదు, అది ఎంతవఱకు నిండినదో మనకు ముఖ్యము. 30 డిగ్రీల గాలిలో 24 గ్రాముల నీరున్నచో అది నూటికి 80 పాళ్లు నిండినట్లు. మన కోస్తా పల్లెలలో వానకాలమున ఇది సాధారణమైన సంగతి. ఆ 24 గ్రాములను అట్లే యుంచి గాలిని మాత్రము 35 డిగ్రీలకు వేడిచేసినచో, పాత్ర పెరిగినది గనుక నిండుదల 61 పాళ్లకు దిగును. నీరు ఒక్క చుక్కయైనను బయటికి పోలేదు. అయినను ఇనుమునకు గాలి ఎండినట్లే. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుడు. దీనితో మఱల పని కలదు.

ఇనుమునకు ఎన్ని పాళ్ల తేమ హద్దు? 1930వ దశకమున ఇంగ్లండులో వెర్నన్ అను శాస్త్రజ్ఞుడు ఈ విషయమును శ్రద్ధతో పరీక్షించెను. తేమ సుమారు 60 పాళ్లకు లోబడియున్నంతవఱకు శుభ్రమైన యినుము త్రుప్పుపట్టుట మిక్కిలి స్వల్పమనియు, ఆ హద్దు దాటినంతనే త్వరితమగుననియు ఆయన కనుగొనెను. అందులోను పొగ, ధూళి, మలినపువాయువులు తోడైనచో వేగము మఱింత హెచ్చును. శుభ్రమైన యినుము అను మాటను గమనింపుడు. ఉప్పు తగిలిన యినుమునకు ఆ హద్దు చెల్లదు. చేతిచెమటలో ఉప్పు కలదు. సముద్రపుగాలిలో ఉప్పు కలదు. దానిలోని మెగ్నీషియపు లవణము గాలిలో 33 పాళ్ల తేమ యున్నను నీటిని పీల్చి కరగును. నాటుమందు కాలిన తరువాత గొట్టములో మిగులు మసియందును నీటిని పీల్చు లవణములు కలవు. కావుననే మందు కూరు తుపాకిని పేల్చిన దినముననే కడుగవలెనని పెద్దలు కట్టడి చేసిరి. వారికి ఈ అంకెలు తెలియవు గాని, మఱునాటి ఉదయమునకు గొట్టము ఎట్లుండునో తెలియును.

ఇక మంచు సంగతి. 30 డిగ్రీల వేడి, 80 పాళ్ల తేమగల గాలి 26 డిగ్రీల చల్లని వస్తువును తాకినచో దానిమీద చెమటపట్టును. చల్లని నీరు పోసిన చెంబు బయట తడియగుట మీరందఱు చూచినదే. తుపాకి గొట్టము బరువైన యినుము. రాత్రి చల్లబడినది ప్రొద్దెక్కినను వెంటనే వేడెక్కదు. తుపానుగాలి వీచు ఉదయమున ‘గదికి గాలి ఆడవలెను’ అని కిటికీలు తెఱచినచో, వెచ్చని తడిగాలి వచ్చి ఆ చల్లని గొట్టముపై మంచు కురిసినట్లు వాలును. గాలి ఆడుట మంచిదే. అయితే బయటిగాలి లోపలిగాలికంటె పొడిగ నున్నప్పుడు మాత్రమే. మా తీరమున అట్టి సమయము చలికాలపు ఎండవేళలలోను, పడమటి వేడిగాలి వీచు వేసవి మధ్యాహ్నములందును దొరకును. ఆషాఢము మొదలు కార్తికమువఱకు కిటికీ మూసియుండుటయే మేలు. పట్టణములలో ఎయిర్‌కండిషను గదిలోనుండి తుపాకిని తీసి తిన్నగ వానగాలిలోనికి తెచ్చువారికిని ఇదే అపాయము. ఒక గంటసేపు సంచిలోనే యుంచి, వేడెక్కిన పిమ్మట తీయవలెను.

ఇచ్చట నొకరు, ఢిల్లీలోని ఇనుపస్తంభము పదునాఱు వందల యేండ్లుగ ఎండకు వానకు నిలిచియు చెడలేదు గదా యని అడుగవచ్చును. నన్నును మా ఊరి రచ్చబండయొద్ద అడిగిరి. కాన్పూరు ఐ.ఐ.టి.లో ఆచార్యుడుగ నుండిన బాలసుబ్రహ్మణియము గారు దానిని పరిశోధించి, ఆ యినుములో భాస్వరము హెచ్చుగ నుండుటచే దానిపై రక్షకమైన పలుచని పొర యేర్పడినదని తెలిపిరి. ఢిల్లీ గాలి సంవత్సరములో చాలభాగము పొడిగ నుండుటయు దానికి తోడు. మన తుపాకి ఉక్కులో అట్టి భాస్వరము లేదు, మన గాలి ఆ గాలి కాదు.

తేమను అరికట్టుటకు ముందు దానిని కొలువవలెను. అంగడిలో అంకెలు చూపు చిన్న యంత్రములు దొరకుచున్నవి. ఖరీదు పెద్దది కాదు. అయితే అవి అప్పుడప్పుడు అబద్ధమాడును. వానిని ఇంటనే పరీక్షింపవచ్చును. ఒక చిన్న మూతలో శుద్ధిచేసిన మెత్తని ఉప్పు పోసి, కొన్ని నీటిచుక్కలు వేసి తడి యిసుకవలె చేయుడు. ఉప్పు కరగిపోరాదు. దానిని, కొలుచు యంత్రమును ఒకదాని కొకటి తగులకుండ బిగుతైన డబ్బాలో పెట్టి ఒక పగలు, ఒక రాత్రి కదల్పక యుంచుడు. డబ్బాలోని గాలి 75 పాళ్లయొద్ద నిలుచును. యంత్రము 80 చూపినచో అది అయిదు హెచ్చు చెప్పుచున్నదని తెలిసికొని తగ్గించి చదువుకొనవలెను. గల్లుప్పు దీనికి పనికిరాదు. ఇంతకుముందు చెప్పిన మెగ్నీషియపు లవణము దానిలో నుండి లెక్కను చెఱచును.

యంత్రము లేనివారు రెండు థర్మామీటర్లతో పని నెఱవేర్చుకొనవచ్చును. ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టి, రెంటిని విసనకఱ్ఱతో కొంతసేపు విసరుడు. తడిగుడ్డదానిలో వేడిమి తగ్గును. క్రొత్తకుండలో నీరు చల్లబడుట యెట్లో యిదియు నట్లే. కుండ వేసవిలో బాగుగ చల్లబఱచును, వానకాలమున చల్లబఱచదు. ఏలయన తడిగాలిలో నీరు ఆవిరిగాదు. పొడి థర్మామీటరు 30 డిగ్రీలు చూపుచుండగా తడిది 27 చూపినచో తేమ సుమారు 80 పాళ్లు. 22 చూపినచో సుమారు 50 పాళ్లు. మధ్యనున్న వ్యత్యాసము పెద్దదగుకొలది గాలి పొడిగ నున్నట్లు. నేను మా ధాన్యపుగదిలో ఇట్లు కొలిచి చూచినప్పుడే నా దోషమేమో నాకు తెలిసినది.

ధాన్యము ప్రాణముగల వస్తువు. అది తన తేమకు తగినట్లుగ చుట్టునున్న గాలిని తడుపుచుండును. బాగుగ ఎండి నూటికి 14 పాళ్ల తేమగల వడ్లు గాదెలోని గాలిని 70 మొదలు 75 పాళ్లవఱకు నిలుపును. చాలినంత ఎండక గాదెకెక్కిన వడ్లచుట్టు గాలి తొంబదికి చేరువయగును. అట్టి గాదెవెనుక, గోడవార, నేలమీద, నేను తుపాకి నుంచితిని. కంబళిగుడ్డ తేమను పీల్చి పట్టినది. తోలుఒర అంతకంటె చెడ్డది. తోలు పదునుచేయుటకు వాడిన లవణములును ఆమ్లములును దానిలో మిగిలియుండి, తేమ తగిలినప్పుడు ఇనుమును కఱచును. ఒర ప్రయాణమునకేగాని నిలువకు కాదు.

ఇక గదిని సరిచేయు విధము. మొదట తేమ పుట్టు తావులను తొలగింపవలెను. ధాన్యము, బియ్యపుబస్తాలు, నీళ్లబానలు, తడిబట్టలు ఆరవేయు దండెము, వంటయింటి పొగ వచ్చు కిటికీ, ఇవి తుపాకియున్న గదిలో ఉండరాదు. ఇటుకగోడ వత్తివలె నేలనుండి నీటిని పైకి లాగును. కావున బీరువాను గోడకు ఆనింపక నాలుగంగుళముల యెడముగను, నేలకు జానెడెత్తు పీటలమీదను నిలుపవలెను. వాన కొట్టు దిక్కునకు ఎదురైన గోడకంటె ఇంటి నడిమిగోడ మేలు. తలుపుసందులు, కిటికీసందులు, చూరుకును గోడకును నడుమనున్న కంతలు మూయవలెను.

ఈ సందులు మూయుటను చిల్లరపనిగ తలంచువారు ఈ లెక్కను చిత్తగింపవలెను. పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులుగల గదిలో 28 ఘనమీటర్ల గాలి యుండును. 30 డిగ్రీలలో ఆ గాలిని 80 పాళ్లనుండి 50 పాళ్లకు తెచ్చుటకు దానినుండి తీయవలసిన నీరు కావలీటరు మాత్రమే. ఇంతేనా యనిపించును. కాని సందులున్న గదిలో గాలి గంటకు రెండుమార్లు మాఱిపోయినచో, గంటకు అరలీటరు చొప్పున దినమునకు పండ్రెండు లీటర్ల నీరు తీయవలసివచ్చును. ఆ పనిని ఏ పొడియు, ఏ సున్నమును చేయజాలదు. విద్యుచ్ఛక్తితో తేమను లాగు యంత్రము చేయగలదు. కాని అంత ఖర్చు ఎందులకు? గది మొత్తమును ఎండబెట్టుటకంటె తుపాకి యున్న పెట్టెను ఎండబెట్టుట సులభము. అరఘనమీటరు బీరువాలో తీయవలసిన నీరు నాలుగున్నర గ్రాములు. ఒక చెంచాడు.

గదిలో పెట్టె, పెట్టెలో వస్తువు అను ఈ పద్ధతి క్రొత్తది కాదు. జపానుదేశమున నారా నగరమందు షోసోఇన్ అను కొయ్య భాండాగారము 8వ శతాబ్దమునుండి నిలిచియున్నది. దాని నేల స్తంభములమీద భూమికి ఎత్తుగ నున్నది. లోపల వస్తువులను కొయ్యపెట్టెలలో భద్రపఱచిరి. వానలో తేమ హెచ్చినను, ఎండలో తగ్గినను ఆ మార్పు మందమైన కొయ్యను దాటి లోపలికి పోవుటకు చాలకాలము పట్టును. అందలి ఖడ్గములు, బట్టలు, వాద్యములు వేయియేండ్లకు పైగా దక్కినవి. మన పెద్దల టేకు భోషాణములలోను ఈ గుణమున్నది. నా భోషాణము మంచిదే; దానిని పెట్టిన చోటు చెడ్డది.

బీరువాను ఎండబెట్టుటకు రెండు మార్గములు కలవు. మొదటిది వేడి. ఇంతకుముందు జ్ఞాపకముంచుకొనుమన్న లెక్క ఇక్కడ పనికివచ్చును. బీరువాలోపలి గాలిని బయటిగాలికంటె అయిదు డిగ్రీలు వేడిగ నుంచినచో 80 పాళ్ల తేమ 61 పాళ్లకు దిగును. పూర్వము దీనికి చిన్న విద్యుద్దీపమును అడుగున వెలిగించి యుంచెడివారు. నేటి ఎల్‌ఈడీ దీపము అంత వేడి నీయదు గనుక దీనికి చాలదు. ఈ పనికై చేసిన సన్నని వేడికడ్డీలు దొరకును. ఇట్టి బీరువాకు అడుగునను పైనను చిన్న రంధ్రములుండి వేడిగాలి మెల్లగ కదలవలెను. విద్యుత్తు పోయిన రాత్రి మాత్రము ఈ యేర్పాటు నిష్ఫలము. తుపానుకాలమున మా ఊరిలో దినములకొలది విద్యుత్తు ఉండదు. తేమ హెచ్చుగ నుండునదియు అప్పుడే. అందుచేత నేను ఈ మార్గమును విడిచితిని. ఇంకొక మాట. వేడియున్న బీరువాలో తుపాకిమందుగాని తూటాలుగాని నూనెగుడ్డలుగాని యెంతమాత్రము ఉంచరాదు. కొయ్యకు రాచెడి అవిసెనూనె తడిసిన గుడ్డ, మడిచిపెట్టినచో తనంతట తానే వేడెక్కి అంటుకొనును. అట్టి గుడ్డను విప్పి ఆరుబయట ఆఱవేయవలెను, లేదా నీటిలో ముంచి పాఱవేయవలెను.

రెండవది తేమను పీల్చు పదార్థము. దీనికి బీరువా బిగుతుగ మూసియుండవలెను. తలుపు అంచులకు రబ్బరుపట్టీ అంటించుట మంచిది. మొదటి మార్గమునకు రంధ్రములు కావలెను, దీనికి రంధ్రము ఉండరాదు. కొందఱు రెంటిని ఒకేచోట పెట్టుదురు. పీల్చిన తేమను ఆ వేడి మఱల బయటికి తోలును.

మన యిండ్లలో దొరకు పదార్థములలో నీళ్లు పోయని కాల్చినసున్నము బలమైనది. కిలో సున్నము మూడువందల గ్రాములకు పైగా నీటిని పట్టును. కాని అది పొడిపొడియై ఎగురును. ఆ పొడి కంటిలో పడినచో కన్ను పోవును, చెమ్మతోకూడి ఇనుముపై పడినను మరకపడును. పొరబాటున ఒకేసారి నీరు తగిలినచో భగ్గున వేడెక్కును. పిల్లలున్న యింట నేను దీనిని మెచ్చను. బొగ్గు వాసనలను పీల్చునుగాని ఈ పనికి చాలదు. ఉప్పుపళ్లెము పెట్టుట శుద్ధ పొరబాటు. 75 పాళ్లకు దిగువ ఉప్పు ఏమియు చేయజాలదని ఇందాకటి డబ్బా పరీక్షయే చెప్పుచున్నది. అంగడిలో కాల్షియమ్ క్లోరైడు డబ్బాలు అమ్మెదరు. అది తేమను విశేషముగ పీల్చును. పీల్చి ఉప్పునీరై అడుగున చేరును. డబ్బా దొరలినచో ఆ ఉప్పునీరు తుపాకిని పది వానకాలములు చేయలేని పనిని ఒక వారములో చేయును. బట్టల బీరువాకు కావలసిన వాడుకొనుడు; తుపాకి బీరువాకు వలదు.

నేను స్థిరపడినది సిలికాజెల్ మీద. మందుసీసాలలోను, క్రొత్త చెప్పులపెట్టెలలోను చిన్నపొట్లములుగ వచ్చు గాజుపలుకులవంటి గింజలు అవియే. తేమ 50 పాళ్లయొద్ద అవి తమ బరువులో సుమారు నాలుగవవంతు నీటిని పట్టును. పట్టినను తడిగ కనబడవు, కారవు. అరకిలో గింజలు అరఘనమీటరు బిగుతు బీరువాకు ఇంచుమించు ఒక నెల వచ్చును. బీరువాలోని గాలి దినమునకు ఒక్కమారు మాఱునని వేసిన లెక్క ఇది. మాటిమాటికి తెఱచి చూచువానికి పదిదినములే వచ్చును. నిండినవని తెలియుటకు రంగుగింజలు కలుపుదురు. నీలిరంగువి గులాబివన్నెకు, నారింజరంగువి ఆకుపచ్చకు మాఱును. నీలిగింజలలోని కోబాల్టు విషపదార్థము గనుక నారింజగింజలను కొనుట మేలు. వన్నె మాఱినప్పుడు 120 డిగ్రీల సన్నని వేడిమీద రెండుమూడు గంటలు కాచినచో మఱల పనికివచ్చును. అందుకు వేఱు మూకుడు పెట్టుకొనవలెను, వంటమూకుడు తగదు.

మొదటిసారి నేను మోసపోయితిని. శ్రావణమున భోషాణమును నడిమిగదికి మార్చి, సందులు మూసి, అరకిలో సిలికాజెల్ పెట్టగా మూడవదినమునకే రంగు మాఱెను. గింజలు నకిలీవని అంగడివానిని నిందించితిని. తప్పు గింజలది కాదు. వానకాలపు కొయ్యలో నీరు తన బరువులో పదునైదు, పదునాఱు పాళ్లుండును. తేమ 50 పాళ్లకు దిగినప్పుడు తొమ్మిది పాళ్లకు తగ్గును. ఇరువది కిలోల భోషాణమైనచో ఆ కొయ్యయే కిలోకు పైగా నీటిని వదలవలెను. ఆ నీరంతయు నా అరకిలో గింజలమీద పడినది. కావున ఈ పనిని వైశాఖమున, కొయ్య తనంతట ఎండియున్నప్పుడు, మొదలుపెట్టవలెను. ఎండకాలపు పొడిగాలిని పెట్టెలో బంధించి వానకాలమును దాటించుట మన ఆవకాయజాడీ కిటుకువంటిదే.

మఱీ ఎండబెట్టుటయు తగదు. తుపాకిమడమ కొయ్య 40 పాళ్లకు దిగువ తేమలో చాలకాలమున్నచో కుదించుకొని, ఇనుము బిగించిన మరలయొద్ద పగుళ్లిచ్చును. 45కును 55కును నడుమ నిలిపిన చాలును.

ఎంత చేసినను తుపాకికి నూనె తప్పదు. కొబ్బరినూనె, నువ్వులనూనె, వేరుసెనగనూనె పనికిరావు. అవి కొంతకాలమునకు జిగటగట్టి ఆమ్లమగును. కుట్టుమిషనుకు వేయు ఖనిజపునూనెను మెత్తని గుడ్డతో పలుచగ రాచి, గొట్టములోపల గజముతో తుడువవలెను. నూనె రాచిన తరువాత వట్టిచేతితో ఇనుమును ముట్టరాదు. ఎక్కువ నూనె పోసి మడమమీద నిలబెట్టినచో ఆ నూనె జారి కొయ్యలో ఇంకి దానిని మెత్తబఱచును. కొన్ని దినములు గొట్టమునోరు క్రిందికి ఉండునట్లు నిలుపుట మేలు. గొట్టమునోట గుడ్డ కుక్కు అలవాటు మన ప్రాంతమున కలదు. ఆ గుడ్డ తేమను పట్టియుంచును. మఱచి పేల్చినచో గొట్టము పగులును. అట్లే కుమ్మరిపురుగు గొట్టములో మట్టిగూడు కట్టుట కలదు. తుపాకిని చేతికి తీసికొనిన ప్రతిసారియు, మొదట అది వట్టిదని చూచుకొని, పిమ్మట గొట్టములోనికి వెలుతురు చూచుట అలవఱచుకొనవలెను. ఎన్నికల కాలమున ఠాణాలో అప్పగించిన తుపాకి తిరిగి వచ్చిన దినమున ఇది మఱింత అవసరము. ఎందఱి చేతిచెమటయో దానికి తగిలియుండును. తెచ్చిన పూటనే తుడిచి నూనె రాయవలెను.

తూటాలను, మందును వేఱు పెట్టెలో, వేఱు తాళముక్రింద, వేడికి దూరముగ ఉంచవలెను. తేమ తగిలిన తూటా పేలకపోవచ్చును, లేదా గుఱిపెట్టినవాడు తుపాకి దించిన తరువాత పేలవచ్చును. మీట నొక్కినను పేలనిచో కొంతసేపు గొట్టమును జనములేని దిక్కునకే పట్టియుండవలెను. తాళపుచెవి లైసెన్సుదారుని యొద్దనే యుండవలెను. 1959 ఆయుధచట్టము లైసెన్సులేని తుపాకిని ఇంట ఉంచనీయదు; 2019 సవరణవలన ఒకరికి రెండు తుపాకులకు మించి ఉండరాదు. తాతలనాటిది, చెడిపోయినది, గోడకు వ్రేలాడుచున్నది అను మాటలు అక్కడ సాధారణముగ చెల్లవు.

మా నాయనగారి తుపాకిని నేను మఱల పేల్చలేదు. పనివాడు చెప్పిన దినముననే దానిని ఇంటికి తేక, లైసెన్సు కాగితముతోకూడ ఠాణాలో అప్పగించి రసీదు పుచ్చుకొంటిని. మా అన్నగారు తమ పేరనున్న మందు కూరు తుపాకిని నిరుడు వైశాఖమున నా సలహాపై టేకుపెట్టెలో, సిలికాజెల్ తోడుగ, తమ నడిమిగదిలో నుంచిరి. మొన్న తుపాను వెలసిన మఱునాడు నేను పోయి పెట్టె తెఱిపించితిని. పెట్టెలోని యంత్రము 52 చూపెను. దానినే తీసి ప్రక్కగదిలో గాదెమీద పెట్టి, కాఫీ త్రాగునంతసేపు ఆగి చూచితిమి. 86.